కడగని మణికట్టు

టిల్లీ మూత్రం పోయాలి. పోసేదాకా రేలీన్ ఆ గది వదిలి కదలడానికి వీల్లేదు.

వారగూన్ మైదానంలో పందెం గెలిచిన ప్రతి గుర్రానికీ ఇదే సన్మానం. ముందు ఫోటో, తర్వాత ఒంటి నిండా చల్లటి నీళ్ళు, ఆ తర్వాత ఈ రేకుల గది. గడ్డి పరిచిన నేల మీద గుర్రం నిలబడాలి, దాన్ని చూసుకునే మనిషి పగ్గం పట్టుకుని పక్కన నిలబడాలి, పొడుగు కర్రకు బిగించిన గిన్నెతో మైదానం ఉద్యోగి గ్వెండా పీట మీద కూర్చుని కాపు కాయాలి. పోసింది పోసినట్టు పట్టి, సీసాల్లో నింపి, సీలు వేసి సిడ్నీకి పంపిస్తే, గుర్రం తన కాళ్ళతో గెలిచిందో ఎవరో పెట్టిన మందుతో గెలిచిందో వాళ్ళు తేలుస్తారు. ఈలోగా మనుషులు చేయగలిగింది ఒక్కటే, ఈల వేయడం. సన్నగా, సాగదీస్తూ, కిందికి జారే ఈల. లాయంలో మూత్రం పోసినప్పుడల్లా ఆ ఈల విని విని, చివరికి ఈల వినిపిస్తే చాలు గుర్రానికి రావాలన్నది లెక్క. టిల్లీ ఆ లెక్కలకు లొంగే రకం కాదు. చెవులు వెనక్కి వాల్చి తోక విసిరింది. జనవరి ఎండకి పైన రేకులు టప్పుటప్పుమంటున్నాయి. ఈగలు. మైకులో తర్వాతి పందెం గుర్రాల పేర్లు. మెర్వ్ ఎప్పుడో బారు దగ్గరికి చేరి ఉంటాడు. లాయం యజమాని అతనే, గుర్రాలకు శిక్షణ ఇచ్చేదీ అతనే, చాలాకాలానికి గెలుపు మొహం చూసిన ముసలాడు. ఇవాళ అతన్ని అక్కణ్ణుంచి కదిలించడం ఎవరి తరమూ కాదు. రేలీన్ మళ్ళీ ఈల వేసింది. గుర్రానికి రాలేదు గానీ తనకు వచ్చింది.

ఈమధ్య అస్తమానం ఇదే వరస. అది కూడా ఒక గుర్తేనని ఎక్కడో చదివింది. చొక్కా జేబు తడిమి చూసుకుంది. అట్టపెట్టె అక్కడే ఉంది, అంచులు నలిగి మెత్తబడింది గానీ సీలు ఊడలేదు. ఉన్న ఊళ్ళో మందుల షాపులో కొంటే పొద్దుగూకేలోగా ఊరు ఊరంతా అభినందనలు చెబుతుందని పక్క జిల్లా దాకా పోయి కొనుక్కొచ్చింది. లోపల తెల్లటి పుల్ల. దాని మీద మూత్రం పోస్తే, కడుపు ఉందంటే రెండు గీతలు, లేదంటే ఒకటి. క్రిస్మస్‌కి ముందు కొన్నది ఇంతవరకూ తెరవలేదు. అడిగితే కదా అది కాదని చెప్పేది. అడగనంత కాలం గింజ ఉంది. గింజ అని పేరు పెట్టింది తనే. నవంబరులో గోధుమ కోతలకు వచ్చిన క్లెమ్ జేబుల్లో ఎప్పుడూ నాలుగు గింజలు గలగలలాడుతూ ఉండేవి. కోత యంత్రం తోలి తోలి సాయంత్రానికి దుమ్ము బొమ్మలా వచ్చి, రేలీన్ కాపురముండే చక్రాల ఇల్లు, ఆ కారవాన్ మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పితే వాటిలోంచీ గోధుమలే. కోతలు దక్షిణానికి జరిగాయి, క్లెమ్ వాటి వెంట జరిగాడు. అందులో తప్పేం లేదు, ఆ పనే అంత. అతను పోయిన వారానికి మంచం కింద ఊడుస్తుంటే ఒక గింజ దొరికింది. పారెయ్యబుద్ధి కాలేదు. ఆ నెల బయట చేరలేదు. ఆ పైనెలా లేదు. వయసు నలభై మూడు, ఆగిపోయే కాలం వచ్చిందేమో అనుకుంది మొదట. తర్వాత రొమ్ములు సలుపు, పొద్దున్నే కడుపులో తిప్పడం, నిద్రలో కన్నీళ్ళు. ఒకరోజు గడ్డిమోపు ఎత్తబోయి, ఎత్తకుండా దాని మీదే కూర్చుండిపోయి, అరచెయ్యి పొట్ట మీద వేసుకుని, ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, ‘ఏం, గింజా?’ అంది. బయటికే అంది. అలా మొదలైంది.

తనకు పిల్లలు కలగడం కష్టమని చెప్పిన డాక్టరు ఆ మాట చెబుతూ చేతులు కడుక్కుంటున్నాడు. రేలీన్‌కి వీపు చూపించి, పంపు విప్పి, సబ్బు నురగ మోచేతుల దాకా పూసుకుంటూ చెప్పాడు. అప్పటికింకా ముప్ఫై నిండలేదు తనకి. అతని మొహం గుర్తులేదు, ఆ నురగ గుర్తుంది. అతను తప్పు చెప్పాడని ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు సంబరపడిందో. చూశావా గింజా, అంత కడిగి కడిగి చెప్పిన మాట అబద్ధమైంది.

గ్వెండా ముక్కు ఎగబీల్చింది. అరవై దాటిన మనిషి, పలచటి జుట్టు, నెత్తిన పెద్ద గడ్డిటోపీ.

“ఏమిటమ్మాయ్ ఈ కంపు? గుర్రానిదా, నీదా?”

“నాదేలే. రాత్రి మణికట్టుకి రాసుకున్నా.”

“మెర్వ్‌గాడి వెల్లుల్లి నీళ్ళేనా?”

“అవే. గుర్రానికి ఆపేసి చాన్నాళ్ళైంది, కంగారు పడకు.”

“కంగారు నాకెందుకు? పడితే మెర్వ్ పడాలి. నీ ఒంటి మీదది నా గిన్నెలో పడిందంటే ముసలాడి లైసెన్సు ఊడుతుంది. ఇంద, ఇవి తొడుక్కో. పగ్గం తప్ప ఇంకేం ముట్టుకోకు.”

నీలం గ్లౌజులు. చెమట చేతులకి ఒక పట్టాన ఎక్కలేదు. తననుంచి గుర్రాన్ని కాపాడ్డానికి గ్లౌజులు, అనుకుని నవ్వుకుంది రేలీన్. గుర్రాల కాళ్ళ నొప్పులకు పూసే మందు అది, సీసా మీద డీఎమ్మెస్సో అని ఉంటుంది, జంతువులకు మాత్రమే అని ఎర్రక్షరాలు ఉంటాయి. లాయంలో మాత్రం దాని పేరు వెల్లుల్లి నీళ్ళే. చెక్క నుంచి కాగితం తీసే మిల్లుల్లో పుడుతుందని మెర్వ్ చెప్పాడు. చూడ్డానికి మంచినీళ్ళు. చర్మానికి రాస్తే వెచ్చగా చురుక్కుమంటుంది, కాసేపు దురద పెడుతుంది, అంతలో నాలిక మీద వెల్లుల్లి రుచి వచ్చేస్తుంది. రాసింది చేతికి, తేలింది నోట్లో. మొదటిసారి ఆ రుచి తగిలినప్పుడు రేలీన్ గాభరాగా ఉమ్మేసింది. మెర్వ్ పకపకా నవ్వాడు. ‘లోపలికి పోయిందని కబురు పంపింది పిల్లా, భయపడకు. గుర్రం నరాలకు పనికొచ్చింది మన నరాలకు పనికిరాకుండా పోతుందా!’ అన్నాడు. అతని మోకాళ్ళు దాని మీదే నడుస్తున్నాయి. ఈ చుట్టుపక్కల లాయాల్లో అది రాసుకోని వాళ్ళు లేరు. బారులో ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే ఎవరికి ఎక్కడ నొప్పో తెలియదు గానీ నొప్పి ఉందని మాత్రం వాసనే చెబుతుంది. రేలీన్‌కి ఎప్పుడో గుర్రం పడేసి విరిగిన కుడి మణికట్టు. అది రాస్తే రాత్రి నిద్ర పడుతుంది. అంతకంటే ఏం కావాలి.

కానీ ఒక్కటి మాత్రం మెర్వ్ చాలా గట్టిగా చెప్పాడు. దానికి ఒంటరిగా పోవడం చేతకాదు పిల్లా, అన్నాడు. చర్మం మీద ఇంకేదైనా ఉందనుకో, దాన్నీ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది. మట్టి, రంగు, ఈగల మందు, ఏదైనా సరే. అందుకే పూసేముందు కాలు కడగాలి. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ కడగాలి. రేలీన్ టిల్లీ కాలు ఎలా కడిగేదో చూసిన వాళ్ళకు తెలుసు. మోకాళ్ళ మీద కూర్చుని, గోరువెచ్చటి నీళ్ళతో, వెంట్రుక వెంట్రుకా విడదీసి, మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక, అప్పుడు కుంచెతో. పసిబిడ్డకు పోసినట్టు పోస్తావే అని మెర్వ్ వెక్కిరించేవాడు.

“గ్లౌజు తొడిగే అలవాటే లేనట్టుందే నీకు,” అంది గ్వెండా, కాళ్ళు చాపుకుంటూ. “టిల్లీ ఎద ఆపే నూనె మీద ఉందని కాగితంలో రాశారు. నిజమేనా?”

“నవంబరు నుంచి. లేకపోతే ఎదకొచ్చినప్పుడల్లా జాకీని నేల కరిపిస్తుంది.”

“పోసేదెవరు?”

“ఇంకెవరున్నారు? నేనే. రోజూ పొద్దున్నే దాణా మీద.”

“ఉత్త చేతులతోనే!” గ్వెండాకి ఏదో గుర్తొచ్చి భుజాలు కదిలేలా నవ్వింది. “ఓరి దేవుడా, మా షార్లీన్ గుర్తొస్తోంది నాకు. ఆ పైన గుర్రాల పెంపకం కొట్టంలో చేసేదాన్ని చూడు, అప్పుడు. ఆడవాళ్ళం ఓ అరడజను మందిమి. ఆడగుర్రాలన్నిటికీ ఆ పసుపు నూనే. గ్లౌజులు వేసుకోండర్రా అంటే ఎవరు వింటారు, ఎండకి చేతులు ఉడికిపోతాయి. ఇంకేముంది, గుర్రాలకి ఎద ఆగినట్టే మాకూ నెలసరి ఆగిపోయింది! అందరికీ ఒక్కసారే! ఆ నూనె చేసే పనే అది కదా, దానికి గుర్రమేదో మనిషేదో ఏం తెలుసు?”

“మీకు కూడానా?” అంది రేలీన్. గొంతు మామూలుగానే వచ్చింది.

“అందరికీనూ. మిగతావాళ్ళం పీడా పోయిందనుకున్నాం. షార్లీన్ మాత్రం కడుపనుకుంది. వాంతులు, సలుపు, అన్నీ వచ్చాయమ్మా దానికి! ఎవరికీ చెప్పకుండా ఊయల కొనేసుకుంది, గదికి రంగు కూడా వేయించింది. తీరా చూస్తే కడుపులో ఉన్నది గుర్రం మందు! ఆ ఊయలకి మావాళ్ళు గుర్రపు నాడా కట్టారు, పేరు కూడా పెట్టారు...” నవ్వు పొర పోయి దగ్గింది. “పాపం, అదీ నవ్విందిలే చివరికి.”

రేలీన్ కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. టిల్లీ మెడ మీద ఒక ఈగ నడుస్తోంది, చెమట ఆరి ఉప్పు కట్టిన చోట ఆగింది, మళ్ళీ నడిచింది. దాన్నే చూస్తూ నిలబడింది రేలీన్. ఈల వెయ్యి అమ్మాయ్, అంది గ్వెండా. పెదాలు ఎండిపోయి గాలి మాత్రమే వచ్చింది. పొద్దున. రోజూ పొద్దున ఏం చేస్తుంది తను? లేస్తుంది, టీ తాగుతుంది, లాయంలోకి పోతుంది. ముందు దాణా. దాణా మీద సిరంజితో పసుపు నూనె. ఆ సిరంజి పాతది, పీకితే వెనక నుంచి కారుతుంది, కుడి చెయ్యి వెంబడి మణికట్టు మీదికి జారుతుంది. జిడ్డు. ప్యాంటుకు తుడుచుకుంటుంది. తుడిస్తే నూనె పోతుందా. తర్వాత బకెట్టుతో గోరువెచ్చటి నీళ్ళు, మోకాళ్ళ మీద కూర్చుని టిల్లీ కాలు. గుడ్డ పట్టుకునేది వేళ్ళు, తడిసేది వేళ్ళు, మణికట్టు దాకా నీళ్ళు రావు. తర్వాత కుంచె. కుంచెకి మిగిలింది పారబోయడం ఎందుకని, అదే కుంచె తన మణికట్టు మీద. టిల్లీకి ఆపేశాక కూడా తనకు ఆపలేదు, పొద్దునోసారి, రాత్రోసారి. వెచ్చగా చురుక్కు. కాసేపటికి నాలిక మీద వెల్లుల్లి. లోపలికి పోయిందని కబురు. ఒంటరిగా పోలేదు మరి. నూనెనూ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

గుర్రం కాలు కడిగింది. తన చెయ్యి కడుక్కోలేదు.

ఎవరైనా కడుక్కుంటారా? మనిషికి తన ఒళ్ళు మురికి అనిపించదు, అదే చిక్కు. నాన్న మాత్రం కడిగేవాడు. నాన్న దుకాణాల బోర్డులకి అక్షరాలు రాసేవాడు. రేలీన్ చిన్నప్పుడు ఆ డబ్బాల్లో చేతులు ముంచేది, ఎర్ర వేళ్ళు, పచ్చ వేళ్ళు. సాయంత్రం వెనక మెట్ల మీద కూర్చోబెట్టి, టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడిచేవాడు, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, చివరికి అరచెయ్యి. చల్లగా ఉండేది, తర్వాత మండేది. ఆ వాసనకి తల తిరిగేది. అదేమీ మంచిది కాదట పిల్లల చర్మానికి, తర్వాతెప్పుడో ఎవరో చెప్పారు. కానీ నాన్న తనను ముట్టుకున్నది గుర్తున్నంతవరకు అప్పుడే. మాటల మనిషి కాడు, ముద్దు చేసే మనిషీ కాడు, ఆ గుడ్డ ఒక్కటే. అందుకని పనిగట్టుకుని రంగులో చేతులు పెట్టేది. ఇప్పుడు ఎవరు ముట్టుకుంటున్నారు తనను? టిల్లీ మూతి. దాణా అడుగుతూ భుజం మీద తోసే మూతి. క్లెమ్ చెయ్యి గరగరగా ఉండేది, గోధుమ పొట్టు గుచ్చుకునేది. కోతలయ్యాక అదీ లేదు. చర్మం అంటే గోడ అనుకుంటాం, బయటిది బయట, లోపలిది లోపల. అంతమంది మనుషులు ఇన్నేళ్ళలో ఆ గోడ దాటలేకపోయారు. ఒక నూనె దాటింది. తలుపు తట్టకుండా వచ్చి లోపల కూర్చుని, పొద్దున్నే కడుపులో తిప్పి, రొమ్ములు సలిపి, రాత్రిళ్ళు ఏడిపించి, నేనున్నాను అంది. తను నమ్మింది. తను దానితో మాట్లాడింది. గింజా, ఇవాళ మబ్బు పట్టింది. గింజా, ఆ చప్పుడు మెర్వ్ దగ్గు, భయపడకు. గింజా, నీకు నాన్న పేరు పెడితే బాగుండదు, ముసలి పేరు.

ఆగు. గ్వెండా చెప్పింది షార్లీన్ సంగతి. షార్లీన్ వేరు, తను వేరు. క్లెమ్ నిజం. ఆ రాత్రులు నిజం. నూనె ఉంటే గింజ ఉండకూడదని ఎక్కడుంది? రెండూ ఉండొచ్చు. కానీ రెండూ ఉంటే ఇంకా ఘోరం. సీసా మీద ఏదో బొమ్మ ఉంది, పొట్ట ఉన్న ఆడమనిషి మీద అడ్డంగా గీత. రోజూ చూసింది, గుర్రం సీసా మీద ఆడమనిషి ఎందుకో అని ఒక్కరోజూ ఆలోచించలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టుకోవద్దని కదా దానర్థం. ముట్టుకోవడం కాదు, తను దాన్ని లోపలికి తోసింది, రోజూ, కుంచెతో, జాగ్రత్తగా. లోపల గింజే ఉంటే, వేలెడంత కూడా లేని ప్రాణి మీద గుర్రానికి సరిపడే మందు పోసింది. రెండు నెలలుగా రాత్రి పూట మాటలు, పొద్దున పూట మందు. గడ్డిమోపులు ఎత్తడం మానేసింది, కాఫీ మానేసింది, బీరు మానేసింది, రోడ్డుకి అడ్డంగా పశువులు దాటకుండా వేసే ఇనుప కమ్మీలు వస్తే బండిని నడకలో దాటించేది. ఒకసారి మెర్వ్ పక్కనుండి, ‘వెనక గుర్రం లేదు కదే, ఎవరికోసం ఇంత మెల్లగా?’ అని అడిగాడు. జవాబు చెప్పలేదు. అన్ని జాగ్రత్తలూ తీసుకుంది, మణికట్టు తప్ప. అయితే ఇప్పుడు ఏం కోరుకోవాలి? ఉండాలనా, లేకూడదనా? ఇన్నాళ్ళూ ఉండాలి ఉండాలి అని పళ్ళ బిగువున కోరుకున్న మనిషి, ఈ రేకుల కింద, నీలం గ్లౌజుల్లో పగ్గం పట్టుకుని, వద్దు, లేకుండా ఉండు గింజా, నువ్వు అసలు రాకుండానే ఉండి ఉండు, అనుకుంది. దానికి ఏ దెబ్బా తగలకుండా ఉండాలంటే అది లేకపోవడం ఒక్కటే దారి. ఏ తల్లి అయినా ఇలాంటిది కోరుకుంటుందా? తల్లి అన్న మాట తన గురించి తను అనుకోవడం అదే మొదటిసారి.

“ఆ షార్లీన్,” అంది రేలీన్. “తర్వాత ఏమైంది?”

“ఏమవుతుంది? ఇంకో పనిలోకి మారింది. నూనె మానేస్తే అన్నీ సర్దుకుంటాయి, రెండు మూడు నెలలు.”

“ఊయల?”

గ్వెండా నోరు తెరిచి, ఏదో వెక్కిరింపు నాలిక చివరిదాకా వచ్చి, ఆగిపోయింది. టోపీ అంచు పైకెత్తి రేలీన్ మొహంలోకి చూసింది. ఆ చూపు అక్కణ్ణుంచి చొక్కా జేబు మీదికి, జేబులోంచి కొద్దిగా పైకి కనిపిస్తున్న అట్ట అంచు మీదికి పోయింది.

“తెలీదమ్మా,” అంది. “ఊయల సంగతి మేమెవ్వరం అడగలేదు.”

మైదానంలో పందెం మొదలైంది, గుర్రాల గిట్టల చప్పుడు దూరం నుంచి వచ్చి, రేకు గోడను వణికించి, పోయింది. జనం అరిచారు, ఆగారు. గ్వెండా నెమ్మదిగా ఈల అందుకుంది. ఆమె ఈల రేలీన్ ఈలలాంటిది కాదు, ముసలి ఊపిరి, మధ్యలో తెగుతుంది, మళ్ళీ అతుక్కుంటుంది. టిల్లీ చెవి ఒకటి ముందుకు తిరిగింది. వెనక కాళ్ళు రెండూ ఎడం చేసింది. గ్వెండా వయసు మరిచి లేచి కర్ర చాపింది. గిన్నెలో ధార పడిన చప్పుడు, ఆవిరి, ఘాటు. “బంగారుతల్లి! పొయ్యి, పొయ్యి!” రేలీన్ టిల్లీ మెడకు నుదురు ఆనించి నిలబడింది. గుర్రానికి ఎంత తేలిగ్గా వదిలిపోయిందో. సీసాలు నిండాయి, సీళ్ళు పడ్డాయి, కాగితం మీద సంతకం పెట్టింది.

“దీన్ని నేను పట్టుకుంటాలే,” అంది గ్వెండా, పగ్గం అందుకుంటూ. “నువ్వు వెళ్ళిరా. పక్కనే ఉంది.”

రేలీన్ వెళ్ళింది. మరుగుదొడ్డి కూడా రేకులదే, మూత విరిగింది, గోడ మీద ఎవరో జాకీని తిడుతూ రాసిన మాట. గొళ్ళెం పెట్టింది. అట్టపెట్టె సీలు గోటికి దొరకలేదు. గ్లౌజులు తియ్యడం మరిచిపోయానని అప్పుడు తెలిసింది. తియ్యలేదు. పళ్ళతో చింపింది. కూర్చుంది. గంట నుంచి బిగబట్టుకున్నది, ఇప్పుడు రమ్మంటే రాదు. రాకపోతే రాకపోనీ, ఇలాగే లేచి, పుల్ల మళ్ళీ పెట్టెలో పెట్టేసి, ఇంటికి పోయి, దీపం ఆర్పి, ఏం గింజా, అంటే? అనొచ్చు. కానీ ఇక అటునుంచి మాట్లాడేది నూనే అని తెలిశాక ఎలా అనడం? ఒకవేళ నూనె కాకపోతే, ఈ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి, ఒక్క రాత్రి ఆలస్యం చేసినా అది తన పాపమే. రెండు విధాలా అడగక తప్పదు. అప్పుడు రేకు తలుపు అవతల ఈల వినిపించింది. సన్నగా, సాగుతూ, మధ్యలో తెగి, అతుక్కుని, కిందికి జారుతూ. గుర్రానికి వేసిన ఈలే.

రేలీన్‌కి నవ్వొచ్చింది. “ఛీ, పో గ్వెండా!” అంది.

“పోనమ్మా. నువ్వు కానియ్యి. నీకంటే టిల్లీ నయం.”

నవ్వుతూనే ఏడుపు వచ్చింది, ఏడుపుతో పాటు అదీ వచ్చింది.

గీత మెల్లగా తేలింది. ఒకటి. రెండోది రావాల్సిన చోట తెల్లగా ఉంది. కిటికీ వెలుగుకు పట్టి చూసింది, వంచి చూసింది, కళ్ళు తుడుచుకుని చూసింది. తెలుపు. చాలాసేపు ఆ తెలుపునే చూసింది. నీకేం కాలేదు, అనుకుంది. నా వల్ల నీకు ఏ దెబ్బా తగల్లేదు, గింజా, నువ్వు అసలు రాలేదు కదా. గుండెల్లోంచి ఏదో బరువు దిగింది. దిగిన చోట ఏమీ మిగల్లేదు. గ్లౌజులు ఒకదాని తర్వాత ఒకటి తిరగేసి తీసి, పుల్లను వాటిలో చుట్టి, చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుంది. అక్కడ సబ్బు ఉంది. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, అరచెయ్యి, మణికట్టు. మణికట్టు ఇంకోసారి. ఇంకోసారి.

బయటికి వస్తే గ్వెండా పగ్గం చేతికిచ్చి, గడ్డిటోపీ తీసి రేలీన్ నెత్తిన పెట్టింది. “ఎండ చంపేస్తోంది. మళ్ళీ పందేనికి వచ్చినప్పుడు తెచ్చియ్యి.”

“నీకో?”

“నాదేముంది, ముసలి తోలు. ఏదీ ఎక్కదు.”

మెర్వ్ బారు దగ్గర రెండు చేతులూ గాలిలో ఊపుతూ పందెం మళ్ళీ మొదటినుంచి చెబుతున్నాడు. రాత్రికి ఎవరి బండిలోనో వస్తానన్నాడు. గెలిచినందుకు రేలీన్‌ని కౌగిలించుకున్నాడు, వెల్లుల్లి వాసన వేసింది, ఎవరిదో ఏమో. టిల్లీని ట్రైలర్ ఎక్కించి, తలుపు వేసి, గొలుసు తగిలించి బయల్దేరింది. పొలాలన్నీ కోసేసిన మోళ్ళు, ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. గులాబీ రంగు కాకాటువా చిలుకల గుంపు కింద రాలిన గోధుమలు ఏరుకుంటోంది, బండి చప్పుడుకి లేచి, తిరిగి, అక్కడే వాలింది. నాలిక మీద రాత్రి రాసుకున్నది ఇంకా ఉంది. రేపు పొద్దున పోతుందేమో, ఎల్లుండేమో. రేడియో పెట్టబోయి మానేసింది. ఇన్నాళ్ళూ ఈ దారిలో రేడియో పెట్టలేదు, మాటలు ఉండేవి. గింజా, అదిగో ఎము పక్షి. గింజా, అది మనం మలుపు తిరగాల్సిన చెట్టు. ఎము పక్షులు ఇవాళా ఉన్నాయి, కంచె పక్కన, పిల్లల్ని వెంటేసుకుని. ఏమీ అనకుండా దాటించింది.

మలుపు తిరగగానే రోడ్డుకి అడ్డంగా ఇనుప కమ్మీలు. తను అనుకోకముందే కాలు బ్రేకు మీదికి పోయింది, ఎడమ చెయ్యి పొట్ట మీదికి వచ్చింది. బండి దాదాపు ఆగి, ఒక్కొక్క కమ్మీ మీదుగా ఒక్కొక్క చక్రాన్నీ దించుకుంటూ, నడకలో దాటింది. చెయ్యి తియ్యడానికి కొంచెం సమయం పట్టింది. ఎవరికోసం ఇంత మెల్లగా అని అడగడానికి పక్కన మెర్వ్ లేడు. అడిగినా ఇవాళ చెప్పడానికి జవాబుంది.

వెనక గుర్రం ఉంది.